గుడి కట్టినవాడికి తోక, వచ్చి దండం పెట్టినవాడికి కీర్తి

విశాఖపట్నానికి ఒకప్పుడు కులోత్తుంగచోళపట్టణం అని ఇంకో పేరు ఉండేది. నేను కల్పించింది కాదు, 11వ శతాబ్దం చివర్లో ఇక్కడ సముద్ర వ్యాపారం చేసిన వర్తక సంఘాల శాసనాల్లోనే ఉంది. కులోత్తుంగుడు అన్నది కూడా అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆయన అసలు పేరు రాజేంద్రుడు. నన్నయ్య చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజనరేంద్రుడి కొడుకు, వేంగి రాజకుమారుడు, అంటే సగం మనవాడే. తల్లి చోళుల ఆడపడుచు కావడంతో 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. అంతటి చక్రవర్తి బిరుదుని ఈ ఊరికి తగిలించి రాతి మీద చెక్కించారు. ఊరు పట్టించుకోలేదు. ఇవాళ వన్‌టౌన్‌లో నిలబడి కులోత్తుంగచోళపట్టణం ఎటువైపు అని అడిగితే ఆటో అతను ఎగాదిగా చూసి, ఏదో కొత్త వెంచర్ అనుకుని, మధురవాడ దాటాక ఉంటాదేమో సార్ అంటాడు.

బిరుదులతో నా పేచీ ఇక్కడే. కొందరు రాజుల పేరుకి 'మహా' అనో 'సార్వభౌమ' అనో 'ది గ్రేట్' అనో ఏదో ఒకటి ఎందుకు అతుక్కుపోతుంది, వాళ్లకంటే తక్కువేం చేయనివాళ్లు ఉత్త పేరుతో ఎందుకు మిగిలిపోతారు? బళ్లో చెప్పే జవాబు సులువు: గొప్పగా పాలించారు కాబట్టి. కాస్త చదువుకున్నాక ఇంకో జవాబు పట్టుకుంటాం: గెలిచినవాళ్లే చరిత్ర రాసుకుంటారు కాబట్టి. నాకు రెండూ ఆనవు. బతికుండగా రాజు ఎన్ని బిరుదులైనా పెట్టుకోవచ్చు, పెట్టుకున్నారు కూడా. ఆయన పోయాక వాటిలో ఏది నిలుస్తుంది, అసలు ఏదైనా నిలుస్తుందా లేదా అన్నది మాత్రం, ఆ రాజుతో తర్వాతివాళ్లకి ఏం పని పడిందన్న దాన్ని బట్టి తేలుతుంది. రాజు గుణగణాలది అందులో చిన్న వాటా.

పెట్టుకునే బిరుదుల సంగతి ముందు తేల్చేద్దాం, దానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఏ ఫ్లెక్సీ షాపుకి వెళ్లినా చాలు. మా కాలనీ వినాయక చవితి బ్యానర్ కోసం వెళ్లినప్పుడు చూశాను. కంప్యూటర్ ముందు కుర్రాడు, తెర మీద ఒక ఫోల్డరు, అందులో తయారుగా ఉన్న డిజైన్లు. నాకంటే ముందొచ్చిన ఆయన తమ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ చెప్తున్నాడు. కుర్రాడు తలెత్తకుండానే అడిగాడు: "పేరు పైన ఏటి పెట్టమంటారన్నా, ఉత్తరాంధ్ర ఆశాజ్యోతా, బడుగుల పెన్నిధా?" ఆయన ఒక్క క్షణం ఆలోచించి "రెండూ పెట్టీ" అన్నాడు. కుర్రాడు పాత నాయకుడి ఫొటో తీసేసి కొత్త నాయకుడి ఫొటో పెట్టాడు. బిరుదులు కదల్లేదు, అవి అక్కడే ఉన్నాయి.

రాగిరేకులూ అంతే. 'స్వస్తి', 'సమస్త భువనాశ్రయ', 'శ్రీ పృథ్వీవల్లభ', 'మహారాజాధిరాజ', 'పరమేశ్వర', 'పరమభట్టారక'... చాళుక్యుల శాసనాలు నాలుగు తిరగేస్తే ఈ వరస నోటికి వచ్చేస్తుంది. తండ్రి పోతే కొడుక్కి, కొడుకు పోతే మనవడికి. విజయనగరం స్థాపించిన హరిహర బుక్కరాయలు 'పూర్వ పశ్చిమ సముద్రాధీశ్వర' అన్నారు, 'భాషెగె తప్పువ రాయర గండ' అన్నారు, అంటే మాట తప్పిన రాజుల పాలిట మగాడు అని. ఆ తర్వాత అదే గద్దె మీద కూర్చున్నవాళ్లు, మాట తప్పినవాళ్లతో సహా, అవే బిరుదులు తగిలించుకున్నారు. ఒడిశా గజపతులది ఇంకా ముచ్చటైన వ్యవహారం. కపిలేంద్రుడి కాలంలో ఆ సైన్యాలు చాలా దూరం వెళ్లాయి కాబట్టి 'గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలబర్గేశ్వర' అని రాసుకున్నారు, సరే. ఆయన మనవడు ప్రతాపరుద్రుడు కృష్ణదేవరాయల చేతిలో ఓడి, కొండవీడు పోయి, కూతుర్ని ఇచ్చి సంధి చేసుకున్నాక కూడా బిరుదులో ఒక్క అక్షరం తగ్గలేదు. పూరీ రథయాత్రలో రథం ముందు బంగారు చీపురుతో ఊడ్చే గజపతి మహారాజుకి ఇవాళ్టికీ ఆ కర్ణాట కలబర్గేశ్వరం ఉంది. కలబురగి వాళ్లకి ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో.

కాబట్టి శాసనంలో ఉన్న బిరుదుల వరస పట్టుకుని ఫలానా రాజు ఎంత గొప్పవాడో అని మురిసిపోవడం దండగ. జనం నోట్లో నిలిచినవాటినే చూడాలి.

దానికి మన సింహాచలం కంటే మంచి చోటు లేదు. కప్పస్తంభం దగ్గర లైన్లో నిలబడ్డప్పుడు ఎప్పుడైనా చుట్టూ చూడండి. నల్లరాయి, దాని మీద ఏనుగులు, లతలు, చేతులు తగిలి తగిలి నునుపెక్కిన అంచులు, పసుపు కుంకాలు మెత్తడంతో సగం మూసుకుపోయిన శాసనం అక్షరాలు. ఇదంతా ఎవరు కట్టించారు అని లైన్లో పక్కవాళ్లని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది కృష్ణదేవరాయలు అంటారు. కాదు. రాయలవారు 1516లో, మళ్లీ 1519లో, కళింగ దండయాత్రలో భాగంగా వచ్చారు, స్వామికి హారాలు, ఆభరణాలు, ఊళ్లు ఇచ్చారు, ఇక్కడికి దగ్గర్లోని పొట్నూరులో జయస్తంభం నాటించి వెళ్లిపోయారు. ఇప్పుడు మనం చూస్తున్న ప్రధానమైన కట్టడం 13వ శతాబ్దానిది, తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుడి పూనికతో లేచింది. ఆయన చిన్నా చితకా రాజు కాదు, కోణార్క సూర్యదేవాలయం కట్టించింది ఆయనే, బెంగాలు మీదికి తానే దండెత్తి వెళ్లినవాడు. అంత చేసినవాడికి ఒడిశాలో జనం పెట్టిన పేరు లాంగూళ నరసింహదేవుడు. లాంగూళం అంటే తోక. ఎందుకలా అన్నారో రకరకాల కథలున్నాయి. మన వైపు ఆ తోక కూడా లేదు, పేరే లేదు.

ఎందుకంటే మనకి ఆయనతో పని లేదు. ఆయన ఒడిశా పాఠ్యపుస్తకానికి వెళ్లిపోయాడు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైంది, మనం ఇటు ఉండిపోయాం, గుడి ఇటు మిగిలింది, కట్టించినవాడు అటు పోయాడు. రాయలతో మాత్రం తెలుగువాళ్లకి బోలెడు పని పడింది. మద్రాసు రాష్ట్రంలో మాకూ ఒక చరిత్ర ఉంది, మాకూ ఒక వైభవం ఉంది అని చూపించుకోవాల్సిన రోజుల్లో, 1913 బాపట్ల సభ దగ్గర్నుంచి, తెలుగులో కావ్యం రాసిన చక్రవర్తి దొరకడం అంటే మాటలా? అందుకే ఆయనకున్న బిరుదుల్లోంచి 'ఆంధ్రభోజుడు' మనం ఏరుకున్నాం. 'సాహితీ సమరాంగణ సార్వభౌముడు' అంటే మనకి ఒళ్లు పులకరిస్తుంది. ఆయనకే 'కన్నడ రాజ్య రమారమణ' అన్న బిరుదూ ఉంది, దాన్ని కన్నడిగులు ఏరుకున్నారు, మన పద్యాల పోటీల్లో అది వినబడదు. 'యవనరాజ్య స్థాపనాచార్య' అనే ఇంకోటుంది, బహమనీ సుల్తానుని తిరిగి గద్దెనెక్కించినందుకు పెట్టుకున్నది. దాని అవసరం ఇవాళ ఎవరికీ పడినట్టు లేదు, కాబట్టి అది ఫ్లెక్సీ ఎక్కదు.

రాయలంటే నాకు కోపం లేదు, ఆముక్తమాల్యద చదివి తలకాయ నొప్పి తెచ్చుకున్నవాణ్ణే, అయినా ఇష్టమే. నా గొడవ ఆయన తమ్ముడి గురించి. అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 దాకా ఏలాడు. అన్నగారు పోగానే చుట్టుపక్కల రాజులంతా ఒక్కసారి మీదపడితే తట్టుకున్నాడు, పోయిన రాయచూరుని తిరిగి పట్టుకున్నాడు, హంపీలో ఆయన పేరుతో పెద్ద గుడి ఉంది, మనం బస్సులేసుకుని వెళ్లి వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి చూసే లేపాక్షి ఆయన కాలంలో లేచిందే. మరి ఆయనకి ఏ భోజుడూ ఎందుకు అంటుకోలేదు? కవులు లేక కాదు. రాజనాథ డిండిముడు ఆయన మీద పెద్ద కావ్యం రాశాడు, తిరుమలాంబ ఆయన పెళ్లి మీద చంపువు రాసింది. రెండూ సంస్కృతంలో. పండితులు చదువుకుని బీరువాలో పెట్టారు. అన్నగారికేమో పెద్దన దొరికాడు. రాజు కవికి ఆంధ్రకవితాపితామహుడని బిరుదిచ్చాడు, కాలికి గండపెండేరం తొడిగాడు, పల్లకీకి భుజం పట్టాడు. రాజు పోయాక కవి "ఎదురైనచో తన మదకరీంద్రము నిల్పి" అని ఏడ్చిన పద్యం తెలుగు ఇళ్లలో నోటికి వచ్చేసింది. దానికి తోడు తెనాలి రామలింగడి కథలు. రామలింగడు నిజంగా ఆయన సభలో ఉన్నాడా లేదా అన్నది పండితుల తగాదా. కానీ పిల్లలకి కథ చెప్పాలంటే తెలివైన కవి ఎదురుగా ఒక రాజు ఉండాలి కదా, ఆ కుర్చీ రాయలదైపోయింది. అచ్యుతుడి వంతుకి నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి వచ్చాడు. పిరికివాడు, వ్యసనపరుడు అని రాసి పారేశాడు.

ఆ తర్వాతాయన కథ ఇంకా అన్యాయం. సదాశివరాయల్ని గద్దె మీద కూర్చోబెట్టి మొత్తం సామ్రాజ్యాన్ని తానే నడిపిన రామరాయలు చరిత్రలో 'అళియ' రామరాయలు. అంటే అల్లుడు. ఇరవై ఏళ్లకి పైగా దక్కను సుల్తానులని ఒకరి మీదికొకర్ని ఎగదోసి ఆడించినవాడికి ఆఖరికి మామగారింటి వరస తప్ప ఏమీ మిగల్లేదు. 1565లో రాక్షసి తంగడి దగ్గర ఓడిపోకపోతే ఏం బిరుదుండేదో!

శ్రద్ధ తీసుకునేవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం కథ వేరు. గౌతమీపుత్ర శాతకర్ణిని మనం త్రిసముద్రతోయపీతవాహనుడు అంటాం, మూడు సముద్రాల నీళ్లు తాగిన గుర్రాలున్నవాడని. ఇది ఆయన చెక్కించుకున్నది కాదు. ఆయన పోయాక, ఆయన కొడుకు పులుమావి రాజ్యంలో 19వ ఏట, నాసిక్ గుహలో తల్లి గౌతమీ బాలశ్రీ చెక్కించింది. శాసనమంతా కొడుకు గురించే, మనవడి రాజ్యంలో. పోయిన కొడుకు గొప్పవాడని తెలియాల్సిన అవసరం ఆ ముసలావిడ కంటే ఎవరికి ఎక్కువ? ఆ శాసనం తీసేస్తే శాతకర్ణి మనకి నాణేల మీద పేరు, ఇంకో రెండు మూడు శాసనాలు, అంతే.

అలా రాయించే మనిషి లేనివాళ్లు ఎలా మిగులుతారో కూడా మన జిల్లాల్లోనే చూడొచ్చు. సముద్రగుప్తుడు దక్షిణాది మీదికి వచ్చి ఓడించిన రాజుల చిట్టా అలహాబాదు స్తంభం మీద ఉంది, హరిషేణుడు రాసింది. పిష్టపురం మహేంద్రుడు, వేంగి హస్తివర్మ, దేవరాష్ట్రం కుబేరుడు... దేవరాష్ట్రం అంటే మన యలమంచిలి ప్రాంతం అంటారు. ఆ కుబేరుడు ఎలాంటివాడు, ఏం కట్టాడు, ఏ బిరుదులున్నాయి? ఏమీ లేవు, ఓడిపోయినవాళ్ల పట్టికలో ఒక పేరు. గెలిచినాయనకి మాత్రం శాసనంలో ఉన్నవి చాలనట్టు 20వ శతాబ్దంలో విన్సెంట్ స్మిత్ దొరగారు వచ్చి ఇండియన్ నెపోలియన్ అని ఇంకోటి తగిలించారు. స్మిత్‌కి తెల్లవాళ్లకి అర్థమయ్యే గుర్తు ఒకటి కావాలి, ఇచ్చేశాడు, మన పోటీ పరీక్షల బిట్ల బ్యాంకులు ఇప్పటికీ దాన్ని మోస్తున్నాయి.

అశోకుడి దగ్గరికి రాకుండా ఈ వ్యాసం తప్పించుకోలేదు, ఎందుకంటే మనం కళింగం. భారతదేశంలో 'ది గ్రేట్' అంటే ముందు గుర్తొచ్చేది ఆయనే, కానీ ఆయన శాసనాల్లో చూస్తే వట్టి రాజు, మహారాజు కూడా కాదు. దేవానాంప్రియ ప్రియదర్శి రాజు, అంతే. పేరు కూడా అరుదు. 1837లో ప్రిన్సెప్ ఆ లిపి చదివాక కూడా ఈ ప్రియదర్శి ఎవరో సింహళ గ్రంథాలు చూసి పోల్చుకోవాల్సి వచ్చింది, 1915లో మస్కి దగ్గర అశోకుడనే పేరున్న శాసనం బయటపడేదాకా నూటికి నూరుపాళ్లు ఖాయం కాలేదు. ఈ దేశంలో ఎవరికీ పెద్దగా పట్టని రాజు ఆయన. బౌద్ధులు గుర్తుంచుకున్నారు, వాళ్లకి పని ఉంది. తర్వాత స్వతంత్ర భారతానికి పని పడింది, ఏ ఒక్క మతానికీ ఏ ఒక్క ప్రాంతానికీ చెందని పెద్దరికం కావాలి, చక్రం జెండా మీదికి, సింహాలు నోట్ల మీదికి వచ్చాయి.

మంచివాడే, కాదనను. కానీ ఒక్క సంగతి నాకు ఎప్పుడూ ముల్లులా తగులుతుంది. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారు, లక్షన్నరమందిని పట్టుకుపోయారు, దానికి బాధపడుతున్నాను అని ఆయన చెప్పుకున్నది 13వ శిలాశాసనంలో. అది మన ఎర్రగుడిలో ఉంది, గిర్నార్‌లో ఉంది, ఎక్కడో వాయవ్యంలో షాబాజ్‌గఢీలో ఉంది. కళింగంలో ఉన్న ధౌలిలో, జౌగడలో మాత్రం లేదు. వాటిలో దాని బదులు వేరే శాసనాలు చెక్కించాడు, ప్రజలందరూ నా బిడ్డలే అంటూ. ఎవరికి క్షమాపణ చెప్పాలో వాళ్లకి తప్ప మిగతా అందరికీ చెప్పాడన్నమాట. రాజనీతిగా తెలివైన పనే, కొత్తగా గెలిచిన నేల మీద శవాల లెక్క ఎవరు చెక్కిస్తారు? అప్పటి కళింగంవాడిని అడిగితే ఈ రాజుకి ఏ బిరుదిచ్చేవాడో మనకి తెలిసే దారి లేదు. అలెగ్జాండర్ విషయంలో ఆ దారి ఉంది. గ్రీకు రోములకి ఆయన 'ది గ్రేట్', జొరాస్ట్రియన్ల పాత పుస్తకాల్లో శాపగ్రస్తుడు. ఎవరి ఊరు తగలబడిందో వాళ్ల మాట అది.

తెల్లదొరల కాలానికి వస్తే ఈ వ్యవహారానికి సిగ్గు కూడా పోయింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని కైసర్-ఇ-హింద్‌గా ప్రకటించారు. ఆ రోజున మద్రాసు ప్రెసిడెన్సీలో జనం కరువుకి లక్షల్లో చస్తున్నారు. మన వన్‌టౌన్‌లో రాణిగారి బొమ్మ ఇప్పటికీ ఉంది, పక్కన కురుపాం మార్కెట్ బేరాలు సాగుతూనే ఉంటాయి. 1918లో నిజాముకి 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్', 'బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు' అని బిరుదులొచ్చాయి, మొదటి ప్రపంచయుద్ధానికి దండిగా డబ్బిచ్చినందుకు. దీనికి వివరణ అక్కర్లేదు.

ఇక్కడ మీరు అడగబోయేది నాకు తెలుసు. అయితే మంచిపని చేసి బిరుదు సంపాదించినవాడు ఒక్కడూ లేడా అని. ఉన్నాడు, పైన చెప్పిన కులోత్తుంగుడే. తమిళదేశంలో ఆయనకి 'సుంగం తవిర్త చోళుడు' అని పేరు, సుంకాలు ఎత్తేసినవాడని. నాకు తెలిసిన బిరుదులన్నిటిలో ఇదే నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో సింహాలు, ఏనుగులు, సముద్రాలు లేవు, చేసిన పని ఉంది. కానీ అదీ గమనించండి: సుంకం ఎత్తేస్తే లాభం ఎవరికి? వర్తకులకి. శాసనాలు చెక్కించే స్తోమత ఎవరికుంది? వర్తకులకి. ఇంకో రాజు ఎవరో పాలేర్ల అప్పులు మాఫీ చేశాడే అనుకోండి, ఆ పాలేర్లు ఏ రాయి మీద చెక్కిస్తారు?

పాట పాడగలరు కదా అంటారా. నిజమే, పాట ఉచితం. అందుకే బొబ్బిలి కథ బతికింది. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి ఫిరంగులతో, విజయనగరం పెద విజయరామరాజు సైన్యంతో కలిసి బొబ్బిలి కోటని నేలమట్టం చేశారు. గెలిచింది విజయనగరం. ఊరూరా బుర్రకథ మాత్రం ఓడినవాళ్ల మీద. పులి అనిపించుకున్నది రాజు కూడా కాదు, తాండ్ర పాపారాయుడు, తర్వాత గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచి చంపినవాడు. గెలిచినవాళ్లే చరిత్ర రాస్తారన్న సూత్రం ఇక్కడ పని చేయదు. కానీ పాటకి కూడా ఎండా వానా తగలకుండా నీడ కావాలి. బొబ్బిలి వంశం మళ్లీ నిలదొక్కుకుంది, వాళ్ల వారసుడు 1930ల్లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి కూడా అయ్యాడు. కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ బొబ్బిలి వీరుల గురించి వివరంగా, గౌరవంగా రాశాడు. ఎందుకు రాయడు, ఆ కథలో దుర్మార్గుడు ఫ్రెంచివాడు కదా!

ఇప్పుడు పద్మనాభం. విశాఖ నుంచి గంట కూడా పట్టదు, కొండ మీద అనంత పద్మనాభస్వామిని చూడటానికి జనం వెళ్తూనే ఉంటారు. 1794 జూలై 10న ఆ కొండ దగ్గరే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి చనిపోయాడు. పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయిల పేరుతో కంపెనీ జమీందారీ లాగేసుకుంది, మచిలీపట్నం వెళ్లిపొమ్మంది, ఆయన వెళ్లలేదు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ దండు వచ్చిపడితే గంటలోపే అయిపోయింది, రాజు చుట్టూ ఆయన బంధువులు, సర్దారులు చాలామంది పడిపోయారు. సిపాయిల తిరుగుబాటుకి అరవై ఏళ్లకి పైగా ముందు, కంపెనీ ముందు తలవంచనని చచ్చిపోయిన రాజు. బిరుదుకి ఇంతకంటే ఏం కావాలి? అయినా ఏ పులీ లేదు, ఏ సింహమూ లేదు. ఈ ఊళ్లో చదువుకున్నవాళ్లలో సగంమందికి తేదీ కూడా తెలియదు.

వరసగా చూసుకోండి. కంపెనీ దృష్టిలో ఆయన బకాయిదారు. బొబ్బిలి కథ పాడేవాళ్లకి శత్రువు వంశంవాడు. సొంతవాళ్లు పాడించవచ్చు, కానీ చిన్నపిల్లవాడైన కొడుక్కి జమీందారీ తిరిగి ఇచ్చింది ఆ కంపెనీయే, అదీ కుదించి. ఆ వంశంలో తర్వాతివాళ్లకి మహారాజా, సర్ బిరుదులు వచ్చింది కూడా ఆ దొరల నుంచే. తాతని చంపినవాళ్ల దయ మీద సంస్థానం నడుపుతూ, తాత వీరగాథ ఆస్థానంలో ఎవరు పాడిస్తారు? వాళ్లని తప్పు పట్టలేం. సంగీతానికి, చదువులకి ఆ డబ్బే ఖర్చయింది, గురజాడకి నీడనిచ్చింది ఆ ఆస్థానమే. స్వాతంత్ర్యం వచ్చాక వీరులు కావాల్సి వచ్చినప్పుడు మన్యంలో అల్లూరి ఉన్నాడు, జనం మనిషి, జమీందారు కాదు. ఆ రోజుల్లో జమీందారీలు రద్దు చేస్తున్న ప్రభుత్వానికి జమీందారు వీరుడు ఏం పనికొస్తాడు?

ఎప్పటికీ ఇలాగే ఉంటుందని నేననను. రేపు ఏ పార్టీకో, ఏ కుల సంఘానికో, టూరిజం వాళ్లకో చిన విజయరామరాజుతో పని పడితే, బిరుదుకి అరగంట చాలు. ఫ్లెక్సీ కుర్రాడు తలెత్తకుండానే అడుగుతాడు, పేరు పైన ఏటి పెట్టమంటారని.